విప్పని పాత బేస్‌బాల్ కార్డు ప్యాక్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆటగాళ్ల బొమ్మలతో ప్యాక్‌లలో వచ్చే బేస్‌బాల్ కార్డులు పోగుచేస్తానని తెలిసిన దగ్గర్నుంచి మన తెలుగువాళ్లు వాట్సాప్‌లో ఫోటో పెట్టి, "అన్నా, ఇది ఓపెన్ చేయాలా, దాచాలా?" అని అడుగుతూనే ఉన్నారు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నిటినీ ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: పాత ప్యాక్ ఒకసారి విప్పితే మళ్లీ మూయలేం. తొందరపడకండి.

## కొనే ముందు

గరాజ్ సేల్‌లో 1988, 1990 నాటి సీల్డ్ బాక్సులు పది డాలర్లకి ఇస్తున్నారు. లాటరీ తగిలినట్టేనా?

కాదు. సుమారుగా 1987 నుంచి 1993 వరకు వచ్చిన కార్డులను ఇక్కడ "జంక్ వాక్స్" (చెత్త మైనం ప్యాక్‌లు) అంటారు. 1950ల నాటి కార్డులు వేల డాలర్లు పలకడం చూసి, 80లలో పెద్దవాళ్లు కూడా బాక్సులకు బాక్సులు కొని అటకెక్కించారు. కంపెనీలూ ఆ గిరాకీకి తగ్గట్టు అంతులేకుండా అచ్చేశాయి. అందరూ దాచిన వస్తువుకి ధర ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ కాలంలోనూ వెతకదగ్గవి కొన్ని ఉన్నాయి. అప్పర్ డెక్ కంపెనీ 1989 సెట్‌లో 1వ నంబరు కార్డు కెన్ గ్రిఫీ జూనియర్. అదే కంపెనీ 1993 ఎస్పీ సెట్‌లో 279వ నంబరు డెరెక్ జీటర్. టాప్స్ కంపెనీ 1990 సెట్‌లో ముందువైపు పేరు అచ్చుపడకుండా వచ్చిన ఫ్రాంక్ థామస్. మొదటి రెండిటి కోసం అందరూ వెతుకుతారు కాబట్టి ఆ బాక్సులు పది డాలర్లకి దొరకవు. మిగతావి పిల్లలతో కూర్చుని విప్పుకోవడానికి చాలా బాగుంటాయి. ఆ ధరకి తప్పకుండా కొనండి, కానీ కాలేజీ ఫీజు ఆశలు పెట్టుకోకండి.

వాక్స్ ప్యాక్, సెల్లో ప్యాక్, ర్యాక్ ప్యాక్ అంటారు. తేడా ఏంటి?

మైనం పూసిన కాగితంలో చుట్టి, వేడితో అతికించింది వాక్స్ ప్యాక్. లోపల ఏముందో కనపడదు. పారదర్శకమైన కవర్లో వచ్చేది సెల్లో, పైకార్డూ కిందికార్డూ బయటికే కనిపిస్తాయి. మూడు అరలుగా కొక్కేనికి వేలాడదీసేది ర్యాక్ ప్యాక్. సెల్లో, ర్యాక్ ప్యాక్‌లలో పెద్ద ఆటగాడు పైకి కనిపిస్తుంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోసం చేసేవాళ్ల చూపు కూడా ముందుగా పడేది వాటి మీదే.

అమ్మేవాళ్లు "ఇందులో ఫలానా స్టార్ రావచ్చు" అంటున్నారు. నమ్మొచ్చా?

1973 వరకు టాప్స్ కంపెనీ ఒక ఏడాది సెట్టంతా ఒకేసారి వదిలేది కాదు. వేసవి పొడుగునా సిరీస్‌లుగా, అంటే విడతలుగా వచ్చేది. 1974లో మొదటిసారి 660 కార్డులూ ఒకేసారి అమ్మకానికి పెట్టారు. కాబట్టి అంతకుముందు ప్యాక్ అయితే ఏడాది ఒక్కటే చూస్తే చాలదు, ఏ సిరీస్‌దో అడగాలి. నోలన్ ర్యాన్ రూకీ కార్డు, అంటే ఆ ఆటగాడి తొలి కార్డు, 1968 సెట్‌లో 177వ నంబరు. ఆ ఏడాది చివరి సిరీస్ ప్యాక్ కొని ర్యాన్ కోసం ఎదురుచూస్తే రాడు.

1952 టాప్స్ కథ అందరికీ తెలిసిందే. మికీ మాంటిల్ నంబరు 311, అంటే చివరి సిరీస్ మొదటి కార్డు. ఆ సిరీస్ వచ్చేసరికి సీజన్ అయిపోవచ్చింది, సరుకు మిగిలిపోయింది. మిగిలినదాన్ని 1960లో పడవలో వేసి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ సెట్ రూపొందించిన టాప్స్ ఉద్యోగి సై బర్గరే చెప్పారు. అదే మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఎవరైనా "1952 ప్యాక్, మాంటిల్ రావచ్చు" అంటే సిరీస్ ఏదో రుజువు చూపించమనండి.

## అసలుదా, మళ్లీ అతికించిందా?

ఒకసారి విప్పి మళ్లీ అతికించిన ప్యాక్‌ని ఎలా గుర్తుపట్టాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. వాక్స్ ప్యాక్‌ని అతికించేది వేడే కాబట్టి, ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉన్నవాడెవడైనా దాన్ని విప్పి, మంచి కార్డు తీసేసి, పనికిరానిది పెట్టి మళ్లీ అతికించగలడు.

కొన్నేళ్ల కిందట ఒక కార్డ్ షోలో 1980 టాప్స్ వాక్స్ ప్యాక్ కొన్నాను. రికీ హెండర్సన్ రూకీ కార్డు ఉన్న ఏడాది అది. కొనాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించి, దాచుకున్న డబ్బుతో కొన్నాను. ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద వెనక మడతను వాలుగా పట్టుకుని చూస్తే ఒకటి కాదు, రెండు గీతలు కనిపించాయి. ఒకటి పాతబడి, మసకబారిన మైనం గీత. దానికి బియ్యపు గింజ మందంలో పక్కగా ఇంకొకటి, నున్నగా మెరుస్తోంది. అప్పటికే గుండె జారిపోయింది. విప్పి చూస్తే, అప్పట్లో కార్డులతో పాటు ప్యాక్‌లో పెట్టే బబుల్‌గమ్ ముక్కలు ఒక చివర ఉన్నాయి, గమ్ ఆకారంలో నలుచదరపు మరక మాత్రం మధ్యలో ఉన్న కార్డు మీద ఉంది. ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్న గమ్మూ మరకా అలా వేరువేరు చోట్ల ఉండవు. ఎవరో కార్డులు తీసి, చూసుకుని, వరస తప్పించి పెట్టారు. పదిహేను కార్డులూ మామూలువే. ఆ షో మళ్లీ జరగలేదు, అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు.

కాబట్టి ఇవి చూడండి. మడతల దగ్గర రెండో గీత ఉందా? మైనం ఒకచోట పేరుకుని ఇంకోచోట అసలు లేకుండా ఉందా? కాగితం మడతలు కార్డుల అంచులకు సరిగ్గా అమరాయా? ఏళ్ల తరబడి చుట్టి ఉన్న కాగితం మీద కార్డుల మూలలు అచ్చుదిగుతాయి. ఆ అచ్చు ఒకచోట, మూల ఇంకోచోట ఉంటే అనుమానించాలి. సెల్లో అయితే చివర్ల అతుకూ వెనక కుట్టులాంటి గీతా ఆ ఏడాది అసలు ప్యాక్‌ల ఫోటోలతో పోల్చి చూడండి. ఇవన్నీ కొనే ముందే చూడాలి. సిగ్గుపడకుండా చేతిలోకి తీసుకుని, లైటు కింద తిప్పి చూడండి. "అలా పట్టుకోవద్దు" అనేవాడి దగ్గర కొనకండి.

1982 ఫ్లీర్ ప్యాక్ విప్పాను, గమ్ లేదు. మోసపోయానా?

లేదు, ఉంటేనే అనుమానించాలి. చాలా ఏళ్లు బేస్‌బాల్ కార్డులు దాదాపు టాప్స్ సొత్తుగానే నడిచాయి. ఫ్లీర్ కంపెనీ కోర్టుకెక్కి గెలవడంతో 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కూడా గమ్‌తో కార్డులు వదిలాయి. అదే ఏడాది అప్పీలులో తీర్పు తిరగబడింది. గమ్‌తో కలిపి అమ్మే హక్కు టాప్స్‌కే మిగిలింది. అందుకే 1982 నుంచి ఫ్లీర్ స్టిక్కర్లు, డాన్‌రస్ పజిల్ ముక్కలు పెట్టడం మొదలుపెట్టాయి. టాప్స్ కూడా 1992 నుంచి మామూలు ప్యాక్‌లలో గమ్ మానేసింది. ఏ ఏడాది, ఏ కంపెనీ, లోపల కార్డులతో పాటు ఏం ఉండాలి అన్న ఈ మూడూ తెలిస్తే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

నిపుణులు చెక్ చేసి, వాళ్ల సీల్ వేసిన బాక్స్ అయితే నిశ్చింతగా కొనొచ్చా?

ఏదీ లేనిదానికన్నా ఎంతో మేలు. ఖరీదైన ప్యాక్ అయితే అలాంటిదే కొనమంటాను. అయినా పూర్తి భరోసా ఉండదు, ఎందుకంటే వాళ్లు కూడా చూసేది పైపొరే. యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పెట్టి, నిపుణులు సరిచూసిన పోకెమాన్ కార్డుల కేస్ కొన్నాడు. 2022 జనవరిలో తెరిస్తే లోపల జీఐ జో కార్డులు ఉన్నాయి. అతనికి డబ్బు వెనక్కి వచ్చింది. మనలాంటివాళ్లకి కూడా రావాలంటే బిల్లు, అమ్మినవారి పూచీ, విప్పేటప్పుడు ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో, మూడూ చేతిలో ఉండాలి.

బాక్స్‌లోంచి తీసి విడిగా అమ్మే ప్యాక్‌లు కొనొచ్చా?

చౌకవి అయితే కొనండి. ఖరీదైనవైతే జాగ్రత్త. కార్డులు పెద్ద షీట్ల మీద అచ్చయి, కత్తిరించి, మెషిన్లో ఒక వరసలో పడతాయి. అందువల్ల కొన్ని ఏళ్ల బాక్సుల్లో ఏ కార్డు తర్వాత ఏది వస్తుందో అంచనా కట్టొచ్చు. కొన్ని ప్యాక్‌లు విప్పి, వరస పట్టుకుని, స్టార్ ఉన్న ప్యాక్ తను ఉంచుకుని, మిగతావి "సీల్డ్" అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ ప్యాక్‌లు నిజంగానే విప్పనివి, కానీ వాటిలో ఆశ అప్పటికే అయిపోయింది. బాక్స్ మొత్తం చూపించగలరా అని అడగండి.

స్కాన్ చేసి లోపల కార్డు చూసేస్తున్నారట, నిజమేనా?

నిజమే. సీల్డ్ ప్యాక్‌లను సీటీ స్కాన్ చేసే సేవ 2024లో బయటికొచ్చి పెద్ద దుమారమే రేగింది. ఆ ఖర్చు గిట్టేది ఖరీదైన ప్యాక్‌లకే. చౌక జంక్ వాక్స్ కొనేవాళ్లకి ఈ టెన్షన్ అక్కర్లేదు.

## విప్పాలా, ఉంచాలా?

విప్పితే లాభమా, అలాగే అమ్మితే లాభమా?

లెక్క వేసి చూద్దాం. 1980 టాప్స్ సెట్‌లో 726 కార్డులు, వాక్స్ ప్యాక్‌లో 15. అంటే హెండర్సన్ కార్డు సగటున 48 ప్యాక్‌లకు ఒకటి వస్తుంది. వచ్చినా, అచ్చు మధ్యలో సరిగ్గా పడి, మూలలు నిలిచి, మచ్చ లేకుండా ఉండాలి. ఇన్నేళ్లలో, కార్డు స్థితిని బట్టి 10 వరకు గ్రేడ్ ఇచ్చే పీఎస్ఏ సంస్థ ఆ కార్డుకి 10 గ్రేడ్ ఇచ్చింది పదుల సంఖ్యలోనే. విప్పని ప్యాక్ ధరలో ఆ ఒక్క కార్డు ఆశ అంతా ముందే కలిసి ఉంటుంది. మీరు విప్పిన క్షణం ఆశ పోయి, చాలాసార్లు పదిహేను మామూలు కార్డులు చేతిలో మిగులుతాయి. డబ్బు కోసమే అయితే విప్పకండి.

నా పద్ధతి చెప్తాను. ఆ ప్యాక్ డబ్బుని తిరుపతి ప్రయాణం ఖర్చులాగా, అయిపోయిన ఖర్చుగా అనుకోగలిగితేనే విప్పుతాను. అనుకోలేకపోతే అది అలాగే అలమారలో ఉంటుంది.

మా అబ్బాయి లిటిల్ లీగ్ ఆడతాడు. పాత ప్యాక్ ఒకటైనా విప్పుదామని గొడవ. ఏది కొనాలి?

1987 టాప్స్. సందేహమే లేదు. ధర తక్కువ, దొరకడం తేలిక, చెక్కపలక రంగు అంచుతో చూడగానే గుర్తుండిపోయే కార్డు. ప్యాక్‌కి 17 కార్డులూ ఒక గమ్ ముక్కా, బాక్స్‌కి 36 ప్యాక్‌లు. బ్యారీ బాండ్స్, మార్క్ మెగ్వైర్, బో జాక్సన్ ముగ్గురూ ఆ 792 కార్డుల సెట్‌లో ఉన్నారు. బాక్స్ మొత్తం విప్పితే 612 కార్డులే కాబట్టి సెట్ నిండదు. మిగిలినవాటి కోసం స్నేహితులతో మార్చుకుంటాడు, అసలు మజా అక్కడే ఉంది. 80లలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ బొమ్మలు మార్చుకున్నవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మా వారు "ఈ ఒక్కటీ" అంటూ ప్రతి వారం ప్యాక్‌లు కొంటున్నారు. ఎలా ఆపాలి?

అమ్మా, ఇలా అడిగినవాళ్లు మీరొక్కరే కాదు. ప్యాక్ విప్పడంలో జూదం గుణం ఉంది, దాన్ని కాదనకూడదు. నెలకింత అని ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. ఫలానా కార్డే కావాలంటే ఆ కార్డునే విడిగా కొనమనండి. ఎప్పుడు చూసినా అదే చౌక. కొన్న సంగతి దాస్తున్నారన్నా, పోయిన డబ్బు రాబట్టడానికే ఇంకో ప్యాక్ కొంటున్నారన్నా అది సరదా దాటిపోయింది. నెమ్మదిగా, కోప్పడకుండా, కానీ తప్పకుండా మాట్లాడండి. అవసరమైతే కౌన్సెలర్ సాయం తీసుకోండి.

## విప్పే రోజు

వాక్స్ ప్యాక్ పాడవకుండా ఎలా విప్పాలి?

చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. లోషన్ రాయకండి. టేబుల్ మీద మెత్తటి బట్ట పరిచి, ఫ్యాన్ ఆపండి. కాఫీ కప్పు ఇంకో గదిలో ఉండాలి.

ప్యాక్‌ని బోర్లా పెట్టి, మడత కొనను గోరుతో కాదు, వేలికొనతో లేపండి. పాత మైనం చిన్నగా టప్ మని విడుతుంది. రెండు చివర్లూ విడిచాక కాగితాన్ని పూర్తిగా పరిచేయండి. కార్డుల్ని పక్కనుంచి లాగితే మూలలు కాగితానికి తగిలి మెత్తబడతాయి. ముందుగా గమ్ తీసేయండి, ముక్కలైతే బట్ట మీదికి వంచేయండి. గులాబీరంగు పొడి మిగిలితే మెత్తటి కుంచెతో ఊడ్చేయండి, ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. తర్వాత ఒక్కో కార్డునీ అంచులతో పట్టుకుని పక్కకి జరుపుతూ చూడండి. ఒకదాని మీద ఒకటి రాపాడించకండి.

ఫాయిల్, సెల్లో ప్యాక్‌లకు కత్తెర వాడొద్దు. వెనక అతుకు దగ్గర రెండు వైపులా పట్టి మెల్లగా విడదీయండి.

ఆ గమ్ తినొచ్చా?

వద్దు. ముప్పై నలభై ఏళ్ల నాటిది. నోట్లో గాజుపెంకులా విరిగి, తర్వాత సుద్దపొడి అవుతుంది. పిల్లల చేతికి అందకుండా పారేయండి.

కార్డులన్నీ ఇటుకలా అతుక్కుపోయాయి. ఏం చేయాలి?

నున్నటి మెరుపు పూతతో వచ్చిన 90ల కార్డుల్లో ఇది మామూలే. 1991 స్టేడియం క్లబ్ దీనికి పెట్టింది పేరు. పేజీ తిప్పినట్టు మూల పట్టుకుని లాగితే పూత ఊడి, ఎదుటి కార్డుకి అంటుకుంటుంది. కట్టని రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ చాలా కొద్దిగా వంచండి. విడివడే చప్పుడు వినిపిస్తుంది. తర్వాత కార్డుని పక్కకి జార్చండి, పైకి లేపకండి. రాకపోతే ఆ రోజుకి వదిలేయండి. నీళ్లు, ఓవెన్ జోలికి మాత్రం పోవద్దు.

## విప్పాక

కార్డు మీద మైనం మరక ఉంది. పోతుందా?

ముందువైపు నున్నటి భాగం మీదున్న మైనం పోతుంది. శుభ్రమైన నైలాన్ మేజోడుని వేలికి చుట్టి, గుండ్రంగా, ఒత్తిడి పెట్టకుండా రుద్దండి. ముందు విలువలేని కార్డు మీద చేయి కుదుర్చుకోండి. వెనకవైపు అట్టలోకి ఇంకిన గమ్ మరక మాత్రం పోదు. రసాయనాలు వాడితే గ్రేడింగ్ సంస్థలు "మార్చిన కార్డు" అని తిప్పి పంపేస్తాయి.

ప్యాక్‌లోంచి ఇప్పుడే తీశాను కదా, 10 గ్రేడ్ ఎందుకు రాదు?

కొత్త కార్డు అంటే లోపంలేని కార్డు అని కాదు. ఫ్యాక్టరీలోనే అచ్చు ఒక పక్కకి జరిగి ఉండొచ్చు, కత్తిరింపు గరుకుగా ఉండొచ్చు, ఇంకు చుక్క పడొచ్చు. ఎడమ కుడి అంచుల వెడల్పు దాదాపు సమానంగా, 55:45 దాటకుండా ఉంటేనే 10 మీద ఆశపెట్టుకోండి. 1993 ఎస్పీ జీటర్ అయితే ఫాయిల్ అంచులు ప్యాక్‌లోనే పొట్టు లేస్తాయి. గ్రేడింగ్ ఫీజు కన్నా తక్కువ విలువ చేసే కార్డుని పంపకండి. 1987 టాప్స్‌లో చాలావరకు అంతే.

మంచి కార్డు వస్తే వెంటనే పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ తర్వాత గట్టి టాప్‌లోడర్లో పెట్టండి. గ్రేడింగ్‌కి పంపాలంటే టాప్‌లోడర్ బదులు సగం మెత్తగా ఉండే కార్డ్ సేవర్ వాడాలి.

రేపర్ పారేయొచ్చా?

అయ్యో, వద్దు. రేపర్లు పోగుచేసేవాళ్లు ఉన్నారు. చిరగని 60ల రేపర్‌కి మంచి ధరే ఉంటుంది. విప్పి, చదునుగా, ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టండి. నేను 1987 రేపర్ కూడా పారేయలేదు. మా అమ్మాయి మొదటిసారి విప్పిన ప్యాక్‌ది అది, వెనక తేదీ రాసి ఉంచాను.

విప్పని ప్యాక్‌లు ఇండియా తీసుకెళ్తే పాడవుతాయా?

విజయవాడ మే నెల ఎండకి మైనం మెత్తబడి కార్డులకు అంటుతుంది, విశాఖ తేమకి అట్ట వంకర తిరుగుతుంది. తీసుకెళ్లాల్సే వస్తే చేతి సామానులో, గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. అక్కడ ఎప్పుడూ ఏసీ నడిచే గది లేకపోతే ఇక్కడే నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచడం మంచిది.

అమ్మితే అమెరికాలో పన్ను పడుతుందా?

లాభం మీద పడుతుంది. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మిన సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం వరకు ఉంటుంది, షేర్లకన్నా ఎక్కువ. ప్యాక్ కొన్న రసీదు, గ్రేడింగ్ బిల్లు, పోస్టేజీ అన్నీ ఒక కవర్లో దాచి, మీ పన్నులు చూసే సీపీఏకి ఇవ్వండి.